విదేశీ స్టేషన్ల అల్మారాలు వెతకాలి

సంపాదకుని గారికి,

పాత టీవీ కార్యక్రమాలు శాశ్వతంగా పోయాయని చాలామంది చేతులు దులుపుకుంటారు. అది తొందరపాటే. బీబీసీ టేపులు ఖరీదైనవని వాటిని చెరిపి మళ్లీ వాడుకుంది. అలా 1960ల నాటి ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఎపిసోడ్లు ఎన్నో పోయాయి. అయితే చెరిపేముందే తెర మీది బొమ్మను 16 ఎంఎం ఫిల్ము మీదికి ఎక్కించి విదేశాలకు అమ్మారు. ఒక దేశంలో ప్రసారమయ్యాక అదే రీలు మరో దేశానికి వెళ్లేది. చివర్లో తిప్పి పంపాలి, లేదా నాశనం చేయాలి. నయం, అందరూ ఆ మాట వినలేదు!

1990ల మొదట్లో హాంకాంగ్ నుంచి ఒక కథ నాలుగు భాగాలూ తిరిగొచ్చాయి. 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో దొరికిన తొమ్మిది ఎపిసోడ్లు బయటికొచ్చాయి. ఆస్ట్రేలియాది ఇంకా విచిత్రం. పిల్లలు భయపడతారని సెన్సారు వాళ్లు కత్తిరించిన ముక్కలు అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి, అసలు ఎపిసోడ్లే లేవు. కొన్ని సెకన్ల పెనుగులాట, ఒక అరుపు, అంతే.

కాబట్టి అభిమానుల పుకార్ల వెంట పరుగెత్తడం కంటే పాత ప్రసార పట్టికలు, రీళ్లు పంపిన రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూడటం మేలు. ఏ రీలు ఎక్కడ ఆగిపోయిందో అక్కడే తెలుస్తుంది. ఆలస్యం మాత్రం తగదు. ఆ రీళ్లకు వాడిన అసిటేట్ అనే ప్లాస్టిక్ ఫిల్ము పాడవుతుంటే వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. ఆ స్థితికి చేరాక డబ్బా దొరికినా బొమ్మ దక్కకపోవచ్చు. విదేశీ స్టేషన్లు తమ గోదాములు ఖాళీ చేసేముందు డబ్బాల మీది లేబుళ్లనైనా ఫొటో తీయించాలి.

— ఒక పాఠకుడు