మా చెత్త సరే, మీ ఆఫీసుల మీటర్ల సంగతేమిటి?

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,
నమస్కారం.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని స్వచ్ఛ ఆటోలో పాట పెట్టి మరీ చెబుతున్నారు. చేస్తున్నాం. చెప్పేవాళ్ల ఆఫీసుల సంగతేమిటని అడగడానికే ఈ ఉత్తరం.

కాలుష్యం అనగానే అందరికీ జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. ఫైళ్లు కదిలే చోట పొగ కనిపించదు. అది లేకపోలేదు, వేరే ఊళ్లో లేస్తుందంతే. మొన్నామధ్య పనుండి నగరంలోనే ఒక ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లాను. మేడ మీద ట్యాంకు నిండి పొర్లుతోంది. నీళ్లు గోడ వెంట ధారకట్టి, బండ్ల కింద నుంచి డ్రైనేజీలోకి పోతున్నాయి. మోటారు కట్టేసే మనిషి భోజనానికి వెళ్లాడట! నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోస్తే వస్తున్నాయి. గోదావరివైతే ఎల్లంపల్లి నుంచి, ఇంకా దూరం. ఆ పంపులకు కరెంటు కావాలి, మన కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే. సింగరేణిలో తవ్విన బొగ్గు అంత దూరం నీళ్లు మోయించి, చివరికి ఆ ఆఫీసు గోడకు పాకురు పట్టిస్తోందన్నమాట.

లోపల ఏసీ 18 మీద ఉంది. సెక్షన్‌లో ఒకావిడ శాలువా కప్పుకుని కూర్చున్నారు. తలుపు మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టారు. ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని కేంద్రం పెట్టిన నిబంధన 2020లోనే అమల్లోకి వచ్చింది. రిమోట్ చేతిలో ఉన్నవాళ్లకు ఎవరు చెబుతారు?

మాదాపూర్ అద్దాల మేడల మీద నాకేం ప్రేమ లేదు. ఎండను లోపలికి రానిచ్చి, ఆ వేడిని తోడిపోయడానికి మళ్లీ కరెంటు కాల్చే కట్టడాలవి. అయినా, స్టాక్ మార్కెట్‌లో విలువ ప్రకారం మొదటి 1000 కంపెనీలు ఎంత కరెంటు, ఎంత నీరు వాడాయో, ఎంత చెత్త పోగేశాయో 2022–23 నుంచి ఏటా బయటపెట్టాల్సిందే. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ షరతు అది. ప్రభుత్వ ఆఫీసుల్లో లంచం అడిగితే 1064కు ఫోన్ చేయమనే బోర్డు చూశాను గానీ, మీటరు లెక్క చెప్పే బోర్డు ఎక్కడా చూడలేదు. 2023లో ఎండను తిప్పికొట్టే చల్లని పైకప్పుల విధానం తెచ్చి ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి అన్నారు. ఎన్నింటికి తెల్లరంగు పడిందో అదీ చెప్పండి.

కొత్త కమిటీ వద్దు, కన్సల్టెంటు అసలే వద్దు. బిల్లులు ఎలాగూ అకౌంట్స్ సెక్షన్‌కే వస్తాయి. కరెంటు యూనిట్లు, జనరేటర్ డీజిల్, నీళ్ల బిల్లు, కొన్న కాగితం రీములు నెలనెలా నోటీసు బోర్డులో అంటించమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి చాలు. సచివాలయంతోనే మొదలుపెట్టండి. 2023లో తలుపులు తెరిచిన భవనం కాబట్టి, పాత కట్టడమనే సాకు కూడా ఉండదు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పన్ను చెల్లింపుదారు