సిర్రను ఇస్తా, దాని కథతో సహా

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఇద్దరు కాలేజీ పిల్లలు మా ఇంటికొచ్చారు. జానపద వాయిద్యాల ప్రదర్శన పెడుతున్నారట, మా నాయిన డప్పు కావాలని అడిగారు. డప్పు తోలు ఎప్పుడో చినిగిపోయింది. దాన్ని కొట్టే పుల్ల, సిర్ర మాత్రం ఉంది. ఇస్తానన్నాను గానీ ఒక షరతు పెట్టాను.

ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా పంచాలని, అంటే వర్గీకరించాలని అడిగిన దండోరా ఉద్యమంలో, హన్మకొండ చౌరస్తా నుంచి సుబేదారి కలెక్టరేట్ దాకా సాగిన ఊరేగింపులో నాయిన పట్టుకున్న సిర్ర అది. కొన నలిగి పీచు తేలింది. బొటనవేలు ఆనే చోట చెమటకు నల్లబడి నిగనిగలాడుతుంది. అదాలత్ దగ్గరికి వచ్చేసరికి డప్పులు చల్లబడితే, రోడ్డు పక్కనే మంట వేసి తోళ్లు కాచుకున్నారు. మంటకు పాత పేపర్ల కట్ట ఇచ్చింది అక్కడి టీకొట్టాయన.

అంతకు ముందు నాయిన ఆ డప్పును ఊరి పెద్దల చావులకు, జాతరలకు, చాటింపులకు కొట్టాడు. పిలిస్తే పోవాల్సిందే. ఇంత కూలి కావాలని అడిగే నోరు లేదు, కొలిచిన గింజలు తెచ్చుకోవడమే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలై, మన వరంగల్ బిడ్డ మంద కృష్ణ పేరు వెనక మాదిగ అని పెట్టుకుని ఊరూరా తిరిగాకే నాయిన తన కోసం తాను డప్పు కొట్టాడు. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన రోజు అన్నం ముట్టలేదు. రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని అదే కోర్టు 2024 ఆగస్టు 1న చెప్పేనాటికి ఆయన లేడు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ అమలుకొచ్చింది. ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులకు పంచారు.

నా షరతు ఇదే. సిర్ర పక్కన ‘జానపద వాయిద్యం’ అని రాసి వదిలేయొద్దు. ఎవరు పట్టుకున్నారో, ఏ రోడ్డు మీద, ఏం అడుగుతూ కొట్టారో రాయాలి. పిల్లలు ఒప్పుకున్నారు, సంతోషం.

ఇలాంటివి మన జిల్లాలో ఎన్ని అటకల మీద చెదలు పడుతున్నాయో! బ్యానర్లు, కరపత్రాలు, బ్యాడ్జీలు. కాళోజీ కళాక్షేత్రంలో వాటికొక గది ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను. వస్తువుతో పాటు దాన్ని మోసిన మనిషి మాట కూడా రికార్డు చేయాలి. నాయినతో కొట్టినవాళ్లలో మిగిలినవాళ్లంతా ముసలివాళ్లయ్యారు. మీ విలేకరి వస్తానంటే వాళ్ల ఇళ్లకు నేనే తీసుకుపోతాను.

– రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్, హన్మకొండ