సెలక్షన్ తర్వాత ఏమిటో పిల్లలకి చెప్పే మనిషి కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

స్కూల్ గేమ్స్ సెలక్షన్లు మొదలైతే మీ జిల్లా పేజీలో రోజూ ఏదో ఒక బడి జట్టు ఫొటో వస్తుంది. మెడలో పతకాలు, చేతిలో సర్టిఫికెట్లు, పక్కన హెడ్మాస్టారు, ఆటల మాస్టారు (పీఈటీ). మా ఊళ్ళో ఆ ఫొటోలు కత్తిరించి గోడకి అతికించుకునే ఇళ్ళున్నాయి. మా హైస్కూలు ఆడపిల్లల వాలీబాల్ జట్టు ఫొటో కూడా మీరు వేశారు. చాలా సంతోషం. అయితే ఆ ఫొటోలో ఉన్న పిల్లలు రెండేళ్ళ తర్వాత ఏమవుతున్నారో చూస్తున్నవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రైల్వే తరఫున వాలీబాల్ ఆడి, అక్కడే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. ఇప్పుడు ఊళ్ళోనే ఉండి పొద్దున్నే హైస్కూలు పిల్లలకి ఆట నేర్పుతున్నాను. మండలం దాటి జిల్లా జట్టు దాకా వెళ్ళిన పిల్లలు ఇంటర్‌లో చేరగానే ఆట మానేస్తున్నారు. కొందరు ఏకంగా చదువే మానేస్తున్నారు. చేతకాక మానేసినవాళ్ళు నాకైతే ఒక్కరూ కనబడలేదు. తర్వాత ఎక్కడికి వెళ్ళాలో ఇంట్లో ఎవరికీ తెలియదు, బళ్ళో చెప్పే తీరిక ఎవరికీ లేదు.

ఆటల మాటెత్తితే మన కోనసీమలో అందరూ బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ పేరు చెబుతారు. చెప్పాలి కూడా. అమలాపురం కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిసి 2022లో కామన్వెల్త్ డబుల్స్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో అంతకు ముందు మన దేశానికి స్వర్ణమే లేదు. అదే ఏడాది ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. ఇవన్నీ పిల్లలకి కంఠతా వచ్చు. నేను వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పేది మాత్రం ఇంకొకటి. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. పిల్లాడి చేతిలో ఏముందో కనిపెట్టే కన్ను, ఏ వయసులో ఎక్కడికి పంపాలో తెలిసిన బుర్ర ఆ ఇంట్లోనే ఉన్నాయి. అందుకే 2014లోనే హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి పంపగలిగారు. కొబ్బరికాయ దింపు తీసేవాళ్ళ ఇంట్లో, రొయ్యల చెరువు కాపలా ఉండేవాళ్ళ ఇంట్లో ఆ తెలివిడి ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ ఆ పని బడే చెయ్యాలి.

నా విషయంలో మా డ్రిల్లు మాస్టారు చేశారు. మా రోజుల్లో బడి పోటీల్ని గ్రిగ్స్ అనేవాళ్ళం. నేను పదో తరగతి అయ్యి ఇంటర్‌లో ఉండగా ఆయన పేపర్లో పడిన రైల్వే ట్రయల్స్ ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని మా నాన్నకి మొత్తం చదివి వినిపించారు. జీతం ఎంత, ఉండటానికి చోటు ఇస్తారా, ఆడలేని వయసొచ్చాక కూడా ఉద్యోగం ఉంటుందా అని మా నాన్న అడిగారు. మాస్టారు దేనికీ విసుక్కోలేదు. రేవు దాటి నరసాపురంలో రైలెక్కి సికింద్రాబాద్ దాకా నా వెంట వచ్చారు. ఆ వేళ ఆయన రాకపోతే మా నాన్న నన్ను పంపేవారు కాదు, నాకు ఆ గ్రౌండు ఎక్కడుందో కూడా తెలిసేది కాదు.

ఇప్పటి పీఈటీలు ఆ పని చెయ్యడం లేదని నేను అనను. చాలామంది సొంత డబ్బు పెట్టి పిల్లల్ని పోటీలకి తీసుకెళ్తున్నారు. కానీ ఒక్కొక్కరి మీద ఎన్ని పనులు పెట్టారో చూడండి. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, బడికి రాని మాస్టారి పీరియడ్లు. పదో తరగతికి జనవరి వచ్చిందంటే ఆటల పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోతుంది. చదువు ముఖ్యం కాదని నా ఉద్దేశం కాదు. ఆటగాళ్ళకి కేటాయించే స్పోర్ట్స్ కోటాలో చిన్న ఉద్యోగానికైనా పది పాసై ఉండాలి, చాలావాటికి ఇంటర్ అడుగుతారు. బ్రహ్మాండంగా ఆడి పదో తరగతి తప్పిన కుర్రాళ్ళని రైల్వే ట్రయల్స్‌లో గేటు దగ్గరే వెనక్కి పంపడం కళ్ళారా చూశాను.

సర్టిఫికెట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే. ఈమధ్య మా ఊరి కుర్రాడొకడు ప్లాస్టిక్ కవరు నిండా సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చాడు. "తాతయ్యా, పోస్టల్‌లో స్పోర్ట్స్ కోటా పడిందంట, వీటిలో ఏది పెట్టమంటావు?" అన్నాడు. మంచం మీద పరిచి చూశాం. మండల స్థాయివి, జిల్లా స్థాయివి, సంక్రాంతికి ఊళ్ళో పెట్టిన టోర్నమెంటువి, వాటిలో రంగులూ ఫొటోలూ కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ శాఖల కోటాకి అవేవీ పనికిరావు. స్కూలు ఆటల లెక్కన అర్హత రావాలంటే జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టు తరఫున ఆడి ఉండాలి. ఆ ఆడినట్టు రాష్ట్ర విద్యాశాఖలో స్కూలు ఆటలు చూసే అధికారి సంతకంతో ఫారం-4 ఉండాలి. ఈ అబ్బాయి అండర్-17లో రాష్ట్రానికి ఆడాడు కూడా! ఆడి వచ్చినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది, ఫారం-4 లేదు. అలాంటిదొకటి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు దానికోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు, దరఖాస్తు గడువు ఆగదు కదా. ఆడి వచ్చిన వారంలోనే అడిగి తీసుకునుంటే ఈ టెన్షన్ ఉండేదే కాదు.

పుట్టిన తేదీ ఇంకో తలనొప్పి. ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టర్లో ఒకటి ఉంటుంది. అండర్-14, అండర్-17 అని వయసు మీద నడిచే పోటీలు కాబట్టి తీరా సెలక్షన్ రోజున పిల్లాణ్ణి పక్కన నిలబెడతారు. ఆరో తరగతిలో చేర్చుకున్నప్పుడే బడివాళ్ళు రెండూ సరిచూస్తే సరిపోయే పని ఇది.

ఇక పదో తరగతి తర్వాత ఏం చదవాలన్న మాట. మన ఊళ్ళలో ఈ సలహా ఎవరిస్తున్నారో తెలుసా? కాలేజీ పీఆర్వోలు. పరీక్షలు ఇంకా రాయకముందే ఇంటింటికీ తిరుగుతారు. సీటు నిండితే వాళ్ళకి లాభం, పిల్లకి ఏది పనికొస్తుందో వాళ్ళకి అనవసరం. మా కోనసీమలో ఎంతోమంది తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పనిచేస్తున్నారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. నా దగ్గర ఆడే పిల్ల ఒకతి, మంచి సెట్టర్, అంటే కొట్టేవాళ్ళకి బంతి లేపి ఇచ్చేది. వాళ్ళమ్మ శుక్రవారం సెలవు రోజున ఇమోలో ఫోన్ చేసింది. పీఆర్వో వచ్చి హాస్టల్‌తో ఎంపీసీ అన్నాడని, అప్పు తెచ్చి కట్టేయమంటారా అని నన్నడిగింది. పిల్లకేమో లెక్కలంటే భయం, మొక్కలంటే ప్రాణం. పది తర్వాత ఉద్యాన డిప్లొమా రెండేళ్ళని, మన పక్క జిల్లా వెంకట్రామన్నగూడెంలోనే ఉద్యాన విశ్వవిద్యాలయం ఉందని ఆ తల్లికి ఎవరు చెబుతారు? పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో చేరి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్ళొచ్చని ఎంతమందికి తెలుసు? ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలో పడతాయి. సర్కారు బడి పిల్లలకి ఇంతకంటే పనికొచ్చే కబురు ఉందా? అయినా గడువు దాటాక తెలుసుకునే ఇళ్ళే ఎక్కువ.

ఆడినవాళ్ళంతా సాత్విక్‌లు కానక్కర్లేదు. బాగా ఆడి రాష్ట్ర జట్టులోకి రాలేని పిల్లలకి కూడా ఆట మీద బతుకుతెరువు ఉంది. పీఈసెట్ రాసి డీపీఈడీ, బీపీఈడీ అనే వ్యాయామ విద్య కోర్సులు చేసి పీఈటీ అవ్వొచ్చు. పాటియాలా జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చెయ్యొచ్చు. సైన్సు ఇష్టమైతే ఫిజియోథెరపీ ఉంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి, సైన్యంలోకి తీసుకునే అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగుంది. ఆరో తరగతి నుంచి గ్రౌండులో పెరిగిన పిల్లాడికి ఇది పెద్ద పరీక్ష కాదు. నోటిఫికేషన్ పడ్డాక ఏటిగట్టు మీద ఆయాసపడుతూ మొదలుపెట్టేవాడికే కష్టం. పైగా 2024 క్రీడా విధానంలో మన రాష్ట్రం ఉద్యోగాల్లో క్రీడా కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది. పెంచిన సంగతి లంకల్లోకి చేరాలి కదా.

గ్రౌండు అన్నాను కాబట్టి దాని మాట కూడా. స్కూల్ గేమ్స్ సెలక్షన్లు జరిగేది వానాకాలంలో. సరిగ్గా అప్పుడే మా గ్రౌండులో మోకాలి లోతు నీళ్ళు. ఒండ్రు నేల, ఒక వాన పడితే వారం దాకా కాలు జారుతుంది. గోదావరి పొంగితే బడే మూతపడుతుంది. నీళ్ళు తీసి నేల ఆరేసరికి కోతలు, ధాన్యం కళ్ళం. రైతు ధాన్యం ఆరబోసుకోవడం తప్పని నేననను, రోడ్డు మీద కన్నా అక్కడే నయం. కానీ నాలుగు అడుగులు ఎత్తు చేసిన కోర్టు ఒక్కటైనా ప్రతి హైస్కూల్లో ఉండాలి. ఇంత ఇసుక ఉన్న గోదావరి ఒడ్డున పిల్లలు బురదలో సర్వీసు చెయ్యడం ఏమిటి? సమగ్ర శిక్ష పథకం కింద హైస్కూలుకి ఏడాదికి 25,000 రూపాయల దాకా ఆట సామాను నిధి ఉంది. కొన్న బంతులు బీరువాలో ఉంచితే లాభం లేదు. బంతి అరిగిపోవాలి, అప్పుడే ఆ డబ్బు పిల్లలకి చేరినట్టు.

ఇంకొకటి చాలాకాలంగా మనసులో ఉంది. లంక పిల్లలు తెడ్డు వేస్తూ పెరుగుతారు, ఏటికి అడ్డంగా ఈదుతారు. హాంగ్‌జౌలో రోయింగ్‌లో మన దేశానికి 5 పతకాలు వచ్చాయి, గెలిచినవాళ్ళలో చాలామంది సైన్యంలో చేరాక తెడ్డు పట్టుకున్నవాళ్ళే. మరి గోదావరిలో పుట్టిన మన పిల్లల్ని ఆ వైపు చూడమన్నదెవరు? సంక్రాంతికి పడవ పందేలు చూసి చప్పట్లు కొడితే సరిపోదు, ఏడాది పొడవునా ఒక కోచ్, లైఫ్ జాకెట్లు, నాలుగు పడవలు కావాలి. ఈత నేర్పించే బాధ్యత కూడా బడి తీసుకుంటే ప్రతి వేసవిలో ఏట్లో పోగొట్టుకుంటున్న ప్రాణాలు కొన్నైనా దక్కుతాయి.

ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ళ భయం ఆట మీద కాదు, ఇంటికి వచ్చే దారి మీద. ఆ సెట్టర్ పిల్ల అమ్మమ్మ మొదట్లో ససేమిరా అంది. "చీకటి పడ్డాక ఏటిగట్టు మీద పిల్ల ఒక్కతీ ఎలా వస్తుంది బాబూ?" అంది. అందులో తప్పేముంది? ప్రాక్టీసు పొద్దున ఆరింటికి మార్చాం, ట్రాక్ ప్యాంట్లు కుట్టించాం. ఇప్పుడు ఆ పెద్దావిడే స్టీలు గ్లాసులో రాగిజావ పట్టుకుని గ్రౌండుకి వస్తుంది. మిగతా పిల్లలకీ తలా కాస్త పోస్తుంది.

డబ్బుతో పని లేకుండా వెంటనే మొదలుపెట్టగలిగేది ఒకటుంది. సంక్రాంతికి ప్రతి ఊరి నుంచీ వెళ్ళినవాళ్ళంతా తిరిగొస్తారు. నర్సు ఉద్యోగాల్లో ఉన్న అమ్మాయిలు, ఆర్మీ కుర్రాళ్ళు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్‌వాళ్ళు, ఓఎన్‌జీసీలో టెక్నీషియన్లు. ముక్కనుమ నాడు ఒక్క పూట హెడ్మాస్టారు బడి గేటు తీయిస్తే చాలు. సన్మానాలు, శాలువాలు వద్దు. ఏ పరీక్ష రాశావు, ఎన్నోసారికి వచ్చింది, హాస్టల్‌కి ఎంతయింది, ఇంట్లో ఎలా ఒప్పించావు అన్నవి పిల్లలు అడగాలి, వాళ్ళు చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరు నలుగురైదుగురు పిల్లల్ని తమ లెక్కలో రాసుకుని, నెలకోసారి ఇంటి పెద్దలతో ఫోన్లో మాట్లాడాలి. ఆడపిల్లలకి ఆడవాళ్ళే ఉంటే మంచిది. ఆ పేర్లన్నీ బడి రిజిస్టర్లో ఉండాలి, టీచర్ల ఎదుటే ఇదంతా జరగాలి. మెగా పేరెంట్ టీచర్ మీటింగుకి తల్లిదండ్రులంతా ఎలాగూ బడికొస్తున్నారు. ఆ రోజు పీఈటీకి పావుగంట మైకిచ్చి ఫారం-4, వయసు పత్రాల సంగతి చెప్పించమని జిల్లా విద్యాశాఖ అధికారుల్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీకూ ఒక మనవి. నెలలో ఒక రోజు జిల్లా పేజీలో పావు పేజీ ఇవ్వండి. ఏ సెలక్షన్ ఎప్పుడు, ఎక్కడ, ఏ కాగితాలు తేవాలి, ఏ స్కాలర్‌షిప్ గడువు ఎప్పటిదాకా, ఏ కోటా ప్రకటన పడింది అన్నవి పెద్ద అక్షరాల్లో వేయండి, అమ్మమ్మలు చదువుకునేలా. వివరాలు సేకరించి పంపడానికి నాలాంటి పాత ఆటగాళ్ళు, రిటైరైన పీఈటీలు ప్రతి మండలంలోనూ ఉన్నారు. మొదటిసారి ఎనిమిదో తరగతి ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తుతో మొదలుపెడితే, ఆ పావు పేజీని జిరాక్స్ తీయించి మా మండలంలో ప్రతి హైస్కూలు నోటీసు బోర్డుకీ అతికించే పూచీ నాది.

ఇట్లు,
ఒక మాజీ రైల్వే వాలీబాల్ ఆటగాడు,
రాజోలు మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా