కాలనీ సంఘం వార్షిక నివేదిక – సెక్రటరీ

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడు మోరీల క్లీనింగ్, మొక్కలు, బతుకమ్మ ఏర్పాట్లు మీ కండ్ల ముందట జరిగినవే కాబట్టి మళ్ల రాస్తలేను. మే 31 పొగాకు వ్యతిరేక దినం నాడు కమ్యూనిటీ హాల్‌ల పెట్టిన పండ్లు, చిగుళ్లు చూసే క్యాంపు గురించి మాత్రం రాయాలె, ఎందుకంటే ఇన్నేండ్లల్ల మన సంఘం చేసిన మంచి పని ఇదే అని నా నమ్మకం.

మన నల్లగొండల పండ్లు గార పడితే ఫ్లోరైడ్ నీళ్లే అనేసి ఊకుంటం. డాక్టర్ మేడం ఒక్కొక్కరి నోరు లైటు పెట్టి చూసి, ఫ్లోరైడ్ మరక పన్నుల కలిసిపోయి ఉంటది, క్లీనింగ్ చేసినా పోదు, బీడీ, గుట్కా గార పైపైన ఉంటది, అది పోతది అని చూపెట్టి చెప్పింది. నోరు ఎంత తెరుచుకుంటదో చూసేతందుకు మూడు వేళ్లు నిలువుగ నోట్లె పెట్టుకోమంటే మన హమాలీ అన్నకు రెండే పట్టినయి. చానా దినాల సంది కారం తగిలితే మంట, ముద్ద చిన్నగ చేసుకొని తింటున్నడట, ఇంట్లోల్లు వేడి చేసింది అనుకున్నరు. గుట్కల ఉండే వక్కతోని చెంప లోపల గట్టిపడుతదట, క్యాన్సర్‌కు కూడ దారి తీస్తదట, మేడం అప్పుడే పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది.

ఇంకో పెద్దమనిషి బీడీలు మానేసినంక చిగుళ్లకెల్లి రక్తం వస్తున్నది, మళ్ల తాగితెనే మంచిగుంటది అన్నడు. పొగాకుల ఉండే నికోటిన్ రక్తనాళాలను బిగబడ్తది కాబట్టి ఇన్నొద్దులు జబ్బున్నా రక్తం కనపడలే, ఇప్పుడు చిగుళ్లకు రక్తం మంచిగ పారుతున్నది, క్లీనింగ్ చేయించుకో గని బీడీ ముట్టకు అని మేడం నచ్చజెప్పింది. పొగాకు మానేతందుకు వాడే నికోటిన్ గమ్ కూడ చూయింగ్ గమ్ లెక్క ఆగకుండ నమలొద్దు, కొంచెం నమిలి చెంపకు పెట్టుకోవాలె అన్నది. మానాలనుకునేటోళ్లు పొగాకు మానిపించే సర్కారు హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి, పైసలు పడవు.

హాల్ ఇచ్చిన పెద్దలకు, టెంట్ అన్నకు, చాయ్ పెట్టిన అక్కలకు, పైసా తీసుకోని మేడంకు శతకోటి దండాలు. గ్రూపుల వస్తం వస్తం అని పేర్లిచ్చిన వలంటీర్లు మాత్రం ముగ్గురే వచ్చిండ్రు, కుర్చీలు ఆడోళ్లు మోసిండ్రు, నాకైతే మస్తు బాధైంది. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మొద్దని 2003 పొగాకు చట్టంల ఉన్నది, అయినా బడి పక్క డబ్బా మీద రెండుసార్లు దరఖాస్తు ఇస్తే ఆఫీసోళ్లు చూస్తం అనుడే తప్ప ఒక్కలు రాలే.

జమాఖర్చు ట్రెజరర్ దగ్గర ఉన్నది, రశీదులతో సహా, మీటింగ్‌ల చూసుకోవచ్చు. క్యాంపుల చీటీ రాయించుకున్నోళ్లను దవాఖానకు తోల్కపోవడానికి బండి ఉన్నోళ్లు ఇద్దరు కావాలె, మీటింగ్ అయిపోంగనే నాకు పేర్లు ఇయ్యండి.