ముందు మా ల్యాబుకు నైట్ డ్యూటీ ఇవ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబులో మైక్రోబయాలజిస్టుని. మందులకు లొంగని బ్యాక్టీరియాను త్వరగా పట్టుకోవాలన్న మాట వచ్చినప్పుడల్లా ఏ మెషీన్ కొనాలన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. మెషీన్లు వద్దనను. మాకు ముందు కావాల్సింది మాత్రం రాత్రిపూట మనిషి.

రక్తంలో ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే రోగి రక్తం పోసిన బ్లడ్ కల్చర్ బాటిల్‌ని (బ్యాక్టీరియాను పెంచి చూసే సీసా) ఆటోమేటెడ్ మెషీన్‌లో పెడతాం. బ్యాక్టీరియా పెరగగానే అలారం మోగుతుంది, చాలాసార్లు ఒక్క రోజులోపే. అది రాత్రి తొమ్మిదికి మోగిందనుకోండి, మర్నాడు పొద్దున టెక్నీషియన్ వచ్చేదాకా బాటిల్‌ని కదిపేవాళ్లుండరు. ఆ తర్వాత ప్లేటు మీద పెరగడానికి ఒక రాత్రి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్షకు ఇంకో రాత్రి. ఈలోపు ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా సోకిన పసిబిడ్డకు డాక్టరు అంచనా మీదే మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. ఆయన్ని ఏమంటాం? మేం చేతికి రిపోర్టు ఇస్తేగా!

యాంటీబయాటిక్ పరీక్షలకు ప్రమాణాలు పెట్టే యూరప్‌లోని యూకాస్ట్ సంస్థ రూపొందించిన పద్ధతి ఒకటుంది. పాజిటివ్ వచ్చిన బాటిల్ నుంచి నేరుగా ప్లేటు మీద వేసి, మేం రోజూ వాడే యాంటీబయాటిక్ డిస్కులే పెట్టి, 4, 6, 8 గంటలకు వాటి చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్లు కొలుస్తారు. అది ఏ బ్యాక్టీరియానో తేలితేనే ఆ కొలతలకు అర్థం ఉంటుంది కాబట్టి, పెద్దాసుపత్రులకు బ్యాక్టీరియా ఏదో త్వరగా చెప్పే మాల్డీ-టాఫ్ మెషీన్ అవసరమే. కానీ అదున్నా, అర్ధరాత్రి స్కేలు పట్టుకుని ప్లేటు చూసేవాళ్లు లేకపోతే ఏం లాభం?

ఇంకో సంగతి. టీబీ కోసం జిల్లాలకు ఇచ్చిన సీబీనాట్ మెషీన్లలోనే కార్బా-ఆర్ అనే టెస్టు కార్ట్రిడ్జ్ కూడా నడుస్తుంది. ప్లేటు మీద బ్యాక్టీరియా కాలనీ పెరిగాక సుమారు గంటలో, మెరోపెనెమ్ లాంటి మందులకు లొంగకుండా చేసే ఎన్‌డీఎం, ఓఎక్స్‌ఏ-48 లాంటి ఐదు రకాల జీన్లను చూపిస్తుంది. ఎన్‌డీఎం ఉంటే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే ఖరీదైన యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చి లాభం లేదు, దానికి అజ్‌ట్రియోనామ్ అనే ఇంకో మందు తోడవ్వాలి. ఓఎక్స్‌ఏ-48 అయితే కథ వేరు, సాధారణంగా ఆ మందు ఒక్కటే పనిచేస్తుంది. ఖరీదైన మందు వృథా కాకుండా ఆపేది ఈ సమాచారమే. టీబీ పరీక్షలకు అడ్డు రాకుండా ఖాళీ వేళల్లో ఆ మెషీన్లు వాడుకునేలా ఒక్క జీవో ఇవ్వండి, కార్ట్రిడ్జ్‌లకు విడిగా బడ్జెట్ కేటాయించండి.

బోధనాసుపత్రులన్నిటికీ ఒకేసారి 24 గంటల ల్యాబు ఇవ్వలేకపోతే, ఒక్కచోట ఆరు నెలలు నడిపించి చూడండి. అలారం మోగిన దగ్గర్నుంచి వార్డులో మందు మార్చేదాకా ఎన్ని గంటలు పట్టిందో లెక్క రాయించండి. కొత్త మెషీన్లకు టెండర్లు ఆ లెక్క చూశాక పిలవండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ మైక్రోబయాలజిస్టు