పచ్చదనానికి ముందు నీళ్ల వాటం

సంపాదకులకు,

నమస్కారం. బీఆర్క్ ముగించి, అమెరికాలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ (ఆరుబయటి స్థలాల్లో నేల, నీరు, దారులు, మొక్కల అమరికను రూపుదిద్దే చదువు) మాస్టర్స్ చేయాలనుకునే తెలుగు విద్యార్థులకు చదువుల పేజీల్లో ఫీజులు, వీసా, ఉపకార వేతనాల వివరాలు దొరుకుతున్నాయి. చదువయ్యాక రాయాల్సిన లైసెన్సు పరీక్ష ఊసు మాత్రం కనిపించదు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ ఉత్తరం. కొంచెం పొడవైనా కుదించకుండా వేయమని మనవి. ఇందులోని అంకెలే విద్యార్థికి పనికొచ్చేవి.

అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఈ వృత్తికి లైసెన్సు నిబంధనలున్నాయి. అందుకోసం రాసే పరీక్ష పేరు ఎల్‌ఏఆర్‌ఈ (ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ రిజిస్ట్రేషన్ ఎగ్జామినేషన్). రాష్ట్రాల బోర్డులన్నీ కలిసిన క్లార్బ్ అనే మండలి ఏటా ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరుల్లో దీన్ని నిర్వహిస్తుంది. 2023 డిసెంబరు నుంచి విభాగాలు ఇలా ఉన్నాయి: స్థల పరిశీలన, విశ్లేషణ, ప్రాజెక్టు నిర్వహణ కలిపి ఒకటి; ప్లానింగ్, డిజైన్ రెండోది; నిర్మాణ పత్రాలు, పనుల పర్యవేక్షణ మూడోది; గ్రేడింగ్, డ్రైనేజీ, వాననీటి నిర్వహణ నాలుగోది. నాలుగూ ఒకేసారి రాయనక్కర్లేదు, వరుస కూడా మన ఇష్టం. లైసెన్సుకు ఎన్నేళ్ల అనుభవం కావాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఫీజు కట్టకముందే స్థిరపడదలచిన రాష్ట్రం నిబంధనలు చదవాలి. కాలిఫోర్నియాలో దీనిపైన ఆ రాష్ట్రం సొంత పరీక్ష ఇంకొకటి ఉంది.

నాలుగో విభాగం గురించే ఎక్కువ చెప్పాలి. గ్రేడింగ్ అంటే మన మేస్త్రీలు చెప్పే వాటమే. నేల ఎటు వాలాలి, ఎంత వాలాలి, నీరు ఎక్కడికి చేరాలి అన్న లెక్క. మన కాలేజీల్లో దీన్ని సర్వేయింగ్‌లో ఒక పాఠంగా చదివి వదిలేస్తున్నాం. అందుకే పచ్చిక, రాళ్లు, దీపాలు అందంగా గీయగల విద్యార్థి కాంటూరు గీతను (ఒకే మట్టంలో ఉన్న బిందువులను కలిపే గీతను) కదపమంటే చెయ్యి వెనక్కి తీస్తాడు.

మొదట బోల్తా కొట్టించేవి కొలతలు. అక్కడి డ్రాయింగుల్లో మట్టం అడుగుల్లో, అడుగులో పదో వంతుల్లో ఉంటుంది. 101.5 అంటే నూటొక్క అడుగుల ఆరు అంగుళాలు, ఐదు అంగుళాలు కాదు. పదో వంతు అడుగంటే 1.2 అంగుళాలు. మీటర్లలో పెరిగిన మనవాళ్లు ఇక్కడే తప్పుతారు. రెండోది వాలు రాసే తీరు. ర్యాంపుకు 1:12 అని రాస్తే ముందు ఎత్తు, తర్వాత పొడవు. మట్టి గట్టుకు 3:1 అని రాస్తే అక్కడి వాడుకలో ముందు అడ్డం, తర్వాత ఎత్తు. ఒకే కాగితం మీద రెండు పద్ధతులూ ఉంటాయి. దేన్ని చూసినా వెంటనే శాతంలోకి మార్చి పక్కన రాసుకుంటే చిక్కు లేదు: 1:12 అంటే 8.33 శాతం, 3:1 అంటే 33 శాతం. నూరు శాతం వాలంటే నిట్టనిలువు అనుకునేవారూ ఉన్నారు. అది 45 డిగ్రీలే.

కాంటూర్ల లెక్క అలవాటయ్యేదాకా రోజూ చేయాలి. ఒక చోట మట్టం 100.4, అక్కడికి 80 అడుగుల దూరంలో 103.6 అనుకుందాం. తేడా 3.2 అడుగులు, వాలు 4 శాతం. 101 కాంటూరుకు ఇంకా 0.6 అడుగులు ఎక్కాలి, 0.6ను 0.04తో భాగిస్తే 15 అడుగులు. అక్కడి నుంచి ప్రతి 25 అడుగులకు ఒక కాంటూరు, అంటే 102 కాంటూరు 40 అడుగుల దగ్గర, 103 కాంటూరు 65 అడుగుల దగ్గర పడతాయి. కాలువ దగ్గర కాంటూరు మొన ఎగువకు చూస్తుంది, గట్టు దగ్గర దిగువకు. ఈ ఒక్క మాట తారుమారైతే కాలువ గీయబోయి గట్టు గీస్తారు, నీరు ఇంటి గోడ మీదికే వస్తుంది.

వాలు మీద ఇల్లు కట్టేటప్పుడు ఎగువ నుంచి వచ్చే నీటిని ఇంటి వెనకే రెండు పాయలుగా చీల్చి పక్కలకు పంపాలి. గచ్చు మట్టం 102.0 అనుకోండి. గోడ పక్కన నేల 101.5 ఉండాలి. గోడ నుంచి 10 అడుగులు వెళ్లేసరికి మరో అర అడుగు దిగి 101.0 కావాలి. ఎగువ వైపు అదే పచ్చిక కాలువకు ఎత్తైన బిందువు. అక్కడి నుంచి కాలువ వెంట 2 శాతం వాటంతో 60 అడుగులు వెళ్తే 99.8 వస్తుంది, 100 కాంటూరు 50 అడుగుల దగ్గర కాలువను దాటుతుంది. ఇంతవరకు చాలామంది చేస్తారు. తర్వాత రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. కొత్త కాంటూరు గీతలు పాత గీతల్లో కలిసేలోపే స్థలం హద్దు దాటిపోతాయి, అంటే పక్కవాళ్ల నేలను తవ్వినట్టే. లేదా ఉంచాల్సిన చెట్టు కొమ్మల నీడ కిందికి వస్తాయి. అక్కడ అర అడుగు మట్టి పోసినా, తీసినా చెట్టు మెల్లగా చచ్చే ప్రమాదముంది. దానికి గాలినీ నీటినీ అందించే వేళ్లలో ఎక్కువ భాగం పై పొరలోనే ఉంటాయి. గీతలు పూర్తయ్యాక హద్దునూ చెట్లనూ మళ్లీ చూడటానికి రెండు నిమిషాలు అట్టిపెట్టుకోవాలి.

వికలాంగులకు నడక దారి ప్రశ్నలు తప్పకుండా సాధన చేయాలి. దారి వాలు 5 శాతంలోపైతే మామూలు నడక దారి. దాటితే అది ర్యాంపు, 8.33 శాతం దాటకూడదు, ఒక విడతలో 30 అంగుళాలకు మించి ఎక్కకూడదు, పైనా కిందా 5 అడుగుల చదునైన చోటు ఉండాలి. అడ్డ వాలు, అంటే దారి వెడల్పు వెంట ఉండే వాలు, 1:48 మించరాదు. ఎక్కాల్సింది 3 అడుగులైతే ర్యాంపుకు 36 అడుగులు, మధ్యలో ఒకటి కలిపి మూడు చదునులకు 15 అడుగులు, మొత్తం 51. అదే 5 శాతం దారి అయితే 60 అడుగులు, ర్యాంపు కటకటాలు అక్కర్లేదు. మరో తొమ్మిది అడుగుల చోటు దొరికితే రెండోదే మేలు. చక్రాల కుర్చీలో వచ్చేవారూ నడిచివచ్చేవారూ ఒకే దారిన వస్తారు. అసలు పనిలో మాత్రం గరిష్ఠ అంకెనే డ్రాయింగులో రాయకండి. కాంక్రీటు పోసేటప్పుడు కొంచెం తేడా రాక మానదు. 5కి బదులు 4.5, అడ్డ వాలు 2కి బదులు 1.5 శాతం రాస్తే ఆ తేడా వచ్చినా చట్టం పరిధిలోనే ఉంటుంది.

వాననీటి లెక్కలో మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అక్కడి పద్ధతిలో ప్రవాహ గుణకాన్ని (పడిన వానలో ఎంత వంతు పారిపోతుందో చెప్పే అంకెను), గంటకు అంగుళాల్లో వాన తీవ్రతను, ఎకరాల్లో విస్తీర్ణాన్ని గుణిస్తే జవాబు క్యూసెక్కుల్లో వస్తుంది. ప్రాజెక్టుల వార్తలతో క్యూసెక్కు మనకు ఇంటి మాటే. ఎకరం స్థలమంతా సిమెంటు చేస్తే గుణకం సుమారు 0.9. గంటకు 2 అంగుళాల వానకు 1.8 క్యూసెక్కులు, అంటే సెకనుకు దాదాపు 51 లీటర్లు బయటికి పరుగెడతాయి. అదే పచ్చికైతే గుణకం 0.3 వేసుకోవచ్చు, నీరు మూడో వంతుకు తగ్గుతుంది. మన అపార్టుమెంట్ల ఆవరణలు ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉన్నాయో పాఠకులకు తెలుసు. ఆ నీటిని కాసేపు ఆపే కుంట డిజైను కూడా పరీక్షలో ఉంటుంది. ఊరి చెరువును చూసినవారికి అది కొత్త కాదు. నీటిని కొద్దికొద్దిగా వదిలే గొట్టం మన తూము, పెద్ద వానకు పొర్లి పోయే దారి మన అలుగు, అలుగు పొర్లేటప్పటి గరిష్ఠ నీటి మట్టానికి పైన కట్టకు ఉంచే మిగులు ఎత్తే వాళ్లు చెప్పే ఫ్రీబోర్డు. అలుగు కట్టకంటే తక్కువ ఎత్తులో ఎందుకుంటుందో పల్లెటూరి పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

తవ్వకం, పూడిక లెక్క తేలికే. 50 అడుగుల దూరంలోని రెండు అడ్డకోతల వైశాల్యాలు 120, 180 చదరపు అడుగులైతే సగటు 150, దాన్ని 50తో గుణిస్తే 7,500 ఘనపుటడుగులు, 27తో భాగిస్తే సుమారు 278 ఘన గజాలు. 27తో భాగించడం మరిచిపోవడమే ఇక్కడి తప్పు.

మూడో విభాగంలో మాటల అర్థాలు కచ్చితంగా తెలియాలి. టెండర్లు తెరవకముందు పత్రాల్లో చేసే మార్పు అడెండం, ఒప్పందం కుదిరాక చేసేది చేంజ్ ఆర్డరు. మొక్క నాటే గుంత ప్రశ్నలో వెడల్పు వేరు ముద్దకు రెండు మూడింతలు, లోతు మాత్రం వేరు ముద్దంతే. కాండం వెడల్పయ్యే చోటు నేలకు పైన కనబడాలి. మన వీధుల్లో నాటే మొక్కల్లో చాలావాటికి ఇది జరగడం లేదు; కాండాన్ని జానెడు మట్టిలో పూడ్చేసి, చుట్టూ సిమెంటు పోస్తున్నారు. ప్లాస్టిక్ సంచిలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను కోసి విడదీయకుండా నాటితే అవే పెరిగి కొన్నేళ్లకు మొక్కను బిగిస్తాయి.

చదివే పద్ధతి విషయంలో నా సలహా ఒక్కటే: కాగితం, స్కేలు, పెన్సిలు. 2012 నుంచి పరీక్ష మొత్తం కంప్యూటరు మీదికి మారింది, చేతితో గీసే భాగాలు పోయాయి. దాంతో గీయడం అనవసరమని చాలామంది వీడియోలు చూసి సరిపెట్టుకుంటున్నారు. చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, ఒక మట్టం మార్చి అడిగితే చెయ్యి ఆగిపోతుంది. మూడు నెలలు రోజుకు రెండు లెక్కలు చాలు. మొదటి నెల మధ్య మట్టాలు కట్టడం, రెండో నెల ఇల్లు, దారి, కాలువ, మూడో నెల గొట్టాలు, ఘనపరిమాణాలు. తప్పిన లెక్కను చించేయకుండా ఏది తప్పిందో దాని మీదే రాసి దాచుకోవాలి. చివరి వారం చదవాల్సింది ఆ కట్టే.

ఇక్కడే ఉండేవారి సంగతి. మన దేశంలో 1972 ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్టును నమోదు చేస్తుంది, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకు వేరే లైసెన్సు లేదు. విజయవాడలోని ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఈ అంశంలో పీజీ ఉంది, దారి గేట్ ప్రవేశ పరీక్షలోని ఏఆర్ (ఆర్కిటెక్చర్, ప్లానింగ్) పేపరు. అందులో అంకె టైపు చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు, వాలు లెక్కలకు ఈ రూపం బాగా నప్పుతుంది కాబట్టి పై సాధన అక్కడా అక్కరకొస్తుంది. లైసెన్సు లేనందున వాటం లెక్కకు ఇక్కడ సంతకం చేసి బాధ్యత వహించేవారు ఉండటం లేదు. సెల్లార్లలోకి నీళ్లు వచ్చాక మోటార్లు కొంటున్నాం. ఈ మార్పు ప్రభుత్వం చేయాల్సింది, అడగాల్సింది మనం.

మీ పత్రికకు ఒక విన్నపం. వారానికొక వాటం లెక్కను చదువుల పేజీలో వేయండి, జవాబు పై వారం ఇవ్వండి. మొదటి వారానికి ఇది పంపుతున్నాను: వాకిలి మట్టం వీధి కంటే 30 సెంటీమీటర్లు ఎత్తు, మధ్య దూరం 12 మీటర్లు. పాత తారు గీకకుండా వీధి మీద ఒక్కోసారి 5 సెంటీమీటర్ల పొర వేస్తూ పోతే, ఎన్నో పొరకు ఆ వాకిట్లో వాటం 1 శాతం కంటే తగ్గుతుంది? జవాబు: నాలుగో పొరకు. ఆరో పొరకు వీధీ వాకిలీ ఒకే మట్టం.

ఇట్లు,
ఒక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు,
హైదరాబాద్