కేసు తేలేలోగా గడువు దాటిపోతుంది

హైదరాబాద్,
2009 మార్చి 9.

సంపాదకులకు,

అయ్యా,

ఇంగ్లండు బ్యాంకులు ఖాతాలో డబ్బు చాలనప్పుడల్లా ఖాతాదారుల నుంచి గుంజిన ఓవర్‌డ్రాఫ్ట్ రుసుముల వ్యవహారంలో గత నెల 26న అక్కడి అప్పీలు కోర్టు బ్యాంకుల వాదనను తోసిపుచ్చింది. ఆ దేశపు తగాదాతో మనకేం పని అనిపించవచ్చు. కానీ చదువుకో, ఉద్యోగానికో వెళ్లి అక్కడ మూడు నాలుగేళ్లు గడిపి తిరిగివచ్చినవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ ఖాతాలు ఎప్పుడో మూసేసినా, అందులోంచి పోయిన డబ్బు అడిగే హక్కు మూతపడలేదు. దాన్ని పోగొట్టుకునే దారి మాత్రం ఒకటుంది. కేసు తేలనీ, అప్పుడు చూద్దాం అని ఊరుకోవడమే ఆ దారి. నా మిత్రుల్లో చాలామంది సరిగ్గా అదే మాట అంటున్నారు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా సంగతే చెబుతాను. 2003లో షెఫీల్డ్‌లో చదువుతున్నప్పుడు, నవంబరు నెలలో 18 పౌండ్ల ఫోను బిల్లు డైరెక్ట్ డెబిట్‌కు, అంటే ఖాతా నుంచి నేరుగా జరిగే చెల్లింపుకు, వచ్చేసరికి నా ఖాతాలో 14 పౌండ్లే ఉన్నాయి. బ్యాంకు ఆ బిల్లు కట్టలేదు. కట్టలేదని తెలియజేస్తూ ఒక ఉత్తరం పంపి, అందుకు 30 పౌండ్లు కోసుకుంది. అప్పటి లెక్కన అది మన డబ్బులో రెండువేలకు పైమాటే, నాకు పది పన్నెండు రోజుల తిండి ఖర్చు. ఆ కోతతో ఖాతా మైనస్‌లోకి పోయింది, మరుసటి నెల అదే బిల్లు మళ్లీ వెనక్కి తిరిగింది, మళ్లీ 30 పౌండ్లు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ డిసెంబరులోనే. నేను తిరిగి వచ్చేసే నాటికి ఇలాంటి కోతలు మొత్తం 14: తొమ్మిదిసార్లు 30, ఐదుసార్లు 35, వెరసి 445 పౌండ్లు.

బ్యాంకులు చెప్పేదేమిటంటే ఇది జరిమానా కాదు, సేవకు ధర అని; ధర ఎక్కువా తక్కువా అన్నది కోర్టులు తూచే విషయం కాదని. వినియోగదారు ఒప్పందాల్లోని అన్యాయపు షరతులపై 1999లో చేసిన నిబంధనల్లో, స్పష్టమైన భాషలో రాసిన ధర తగినదా కాదా అన్న పరిశీలనకు వీల్లేదనే మినహాయింపు ఒకటుంది, వాళ్లు పట్టుకున్నది దాన్నే. బిల్లు కట్టకపోవడం ఏ రకం సేవో నాకింతవరకూ బోధపడలేదు గానీ, వాదన మాత్రం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. 2007 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో ఒక జిల్లా జడ్జి ఖాతాదారు దావాను కొట్టేశారు కూడా. మిగతాచోట్ల చాలా కేసుల్లో బ్యాంకులు విచారణ దాకా రానీయకుండా, తప్పు ఒప్పుకోకుండా, అడిగినవాళ్లకు అడిగినంతా ఇచ్చి పంపేస్తూ వచ్చాయి. ఆ వరస ఇలాగే సాగితే కుదరదని 2007 జూలై 27న వినియోగదారుల ప్రయోజనాలు చూసే ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్, అబీ నేషనల్, బార్‌క్లేస్, హెచ్ఎస్‌బీసీ, లాయిడ్స్ టీఎస్‌బీ వంటి ఏడు బ్యాంకుల మీద, నేషన్‌వైడ్ బిల్డింగ్ సొసైటీ మీద హైకోర్టులో టెస్ట్ కేసు, అంటే మిగతా కేసులన్నిటికీ దారి చూపే కేసు, వేసింది.

అదే రోజున అక్కడి ఆర్థిక సంస్థలపై అజమాయిషీ చేసే ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీ బ్యాంకులకు ఒక వెసులుబాటు ఇచ్చింది. మామూలుగానైతే ఫిర్యాదుకు ఎనిమిది వారాల్లో తుది జవాబు చెప్పాలి. ఈ రుసుముల ఫిర్యాదులను మాత్రం కేసు తేలేదాకా పక్కన పెట్టుకోవచ్చునంది. కౌంటీ కోర్టులు కూడా తమ ముందున్న దావాలకు వరసగా స్టే ఇచ్చుకుంటూ పోయాయి. ఈ వెసులుబాటును ఇటీవలే మళ్లీ ఈ జూలై దాకా పొడిగించారు. ఒక్క మేలైన షరతు ఉంది: అద్దె కట్టలేని, అప్పుల్లో కూరుకుపోయిన స్థితిలో ఉన్నవాళ్ల ఫిర్యాదులను బ్యాంకులు ఇలా అటకెక్కించడానికి వీల్లేదు. అక్కడే ఉండి ఉద్యోగం పోగొట్టుకున్న మనవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుని, తమ ఆదాయం, ఖర్చుల వివరాలు జతచేసి మరీ రాయాలి.

గత ఏప్రిల్ 24న హైకోర్టు న్యాయమూర్తి ఆండ్రూ స్మిత్ ఇచ్చిన తీర్పు, ఇప్పుడు అప్పీలు కోర్టు ఖాయపరచిన తీర్పు చెప్పినదల్లా ఈ రుసుములు న్యాయమైనవో కాదో పరిశీలించవచ్చునని మాత్రమే. అన్యాయమైనవని ఎవరూ ఇంకా తేల్చలేదు. పైగా బ్యాంకులు అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తలుపు తట్టే ప్రయత్నంలో ఉన్నాయి, అక్కడ ఫలితం తారుమారైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి డబ్బు వచ్చేసినట్టేనని చెప్పి మన పిల్లల దగ్గర వాటా మాట్లాడుకునే మధ్యవర్తి కంపెనీలను నమ్మవద్దని మనవి. వాళ్లు రాసే ఉత్తరం ఎవరైనా రాసుకోగలిగిందే.

అసలు చిక్కు కాలపరిమితితో వస్తుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇలాంటి దావాకు ఆరేళ్లు గడువు, స్కాట్లాండులో ఐదేళ్లే. ఆ గడువు ఖాతా మూసిన రోజు నుంచి కాదు, ఒక్కో కోత పడిన రోజు నుంచి దేనికదే లెక్క. టెస్ట్ కేసు నడుస్తున్నంత మాత్రాన దావా వేయనివాడి గడియారం ఆగదు. 2003 మార్చిలో పడిన కోత ఈ నెలతో పోతుంది, ఏప్రిల్‌లో పడింది వచ్చే నెలతో పోతుంది. కేసు తేలాక చూద్దామనుకునేవాడికి, కేసు గెలిచినా, చేతికి వచ్చేది చివరి ముక్కే.

ముందుగా పాత స్టేట్‌మెంట్లు తెప్పించుకోవాలి. డేటా ప్రొటెక్షన్ చట్టం కింద 10 పౌండ్లు కట్టి అడిగితే 40 రోజుల్లో ఇవ్వాలి. నా తరఫున లెస్టర్‌లోని మిత్రుడు చెక్కు జతచేశాడు. కట్ట ముప్పై ఆరో రోజున మియాపూర్‌లో మా ఇంటికి చేరింది. ఎర్ర పెన్నుతో కోతలన్నీ గుర్తుపెట్టి, తేదీలు, మొత్తాలు ఒక పట్టీగా రాసి బ్యాంకుకు పంపాను. కేసు నడుస్తోంది గనుక మీ ఫిర్యాదును నిలిపి ఉంచాం అంటూ రెండు పేజీల జవాబు వచ్చింది. ఆ జవాబును పారేయకూడదు, ఫిర్యాదు ఏ తేదీన అందిందో చెప్పే కాగితం అదొక్కటే. గడువు దగ్గరపడినవాళ్లు అంతటితో ఆగక ఎన్1 అనే దావా ఫారంతో కౌంటీ కోర్టులో దావా దాఖలు చేసుకోవాలి. ఇంగ్లండులో ఉత్తరాలు అందే చిరునామా ఒకటి చూపించాలి, కోర్టు ఫీజు కట్టాలి, ఏడాదికి 8 శాతం వడ్డీ కూడా అడగవచ్చు. కోర్టు దాన్ని స్టే చేసి పక్కన పెడితే పెట్టనీ, దాఖలైన తేదీ మాత్రం మనదవుతుంది.

క్రెడిట్ కార్డు ఆలస్య రుసుముల సంగతి వేరు. అవి ఈ టెస్ట్ కేసులో లేవు, వాటికి ఈ నిరీక్షణా లేదు. 12 పౌండ్లకు మించిన రుసుమును అన్యాయమైనదిగానే భావిస్తామని 2006 ఏప్రిల్‌లోనే ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ ప్రకటించింది. కార్డు వాడినవాళ్లు వాటి జాబితా విడిగా రాసి పంపుకోవచ్చు.

నా మొదటి 30 పౌండ్ల కోతకు వచ్చే నవంబరుతో ఆరేళ్లు నిండుతాయి. ఎన్1 ఫారం నింపి మొన్న శనివారమే లెస్టర్‌కు కొరియర్ చేశాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మియాపూర్, హైదరాబాద్.